మన పూర్వుల జాడ: జనాభా లెక్కలును ఇంటి కాగితములును

(కోహెడలో జరిగిన పద్మశాలి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సభలన్నియు మార్కండేయ మహర్షిని, భావనాఋషిని స్మరించి ప్రారంభింపబడుట ఆచారము. ఈ సభయు అట్లే ప్రారంభమైనది. భావనాఋషి పేరు మన యింటి చిన్నపిల్లవాడును చెప్పగలడు. నూటొక్క గోత్రములని చెప్పగలడు. కాని ఆ పిల్లవానినే "నీ తాత తండ్రి పేరేమి?" అని యడిగినచో తండ్రి ముఖము చూచును. తండ్రి తాత ముఖము చూచును. తాత బ్రతికియుండనిచో ఆ ప్రశ్న యంతటితో నిలిచిపోవును. ఆదియందలి ఋషి మనకు తెలియును, నేటి మనము మనకు తెలియుదుము. నడుమనున్న మగ్గముల వారు, కరవులకు ఓర్చినవారు, ఊరు విడిచినవారు మనకు తెలియరు. ఆ నడిమి తరముల జాడ తీయుట యెట్లు? అందుకు జనాభా లెక్కలు ఎంతవరకు పనికివచ్చును? పనికిరానిచోట మనకు వేరు దిక్కేది? ఈ మూడు విషయములే నేడు నేను విన్నవింపదలచినవి.

ముందుగా ఈ విద్యయందు ఆరితేరినవారి సంగతి కొంత చెప్పెదను. స్కాట్లండు చిన్న దేశము. అయినను ఆ దేశపు సంతతివారు కెనడాయందు, ఆస్ట్రేలియాయందు, అమెరికాయందు చెదరియున్నారు. అట్లు చెదరినవారిలో మనవంటి నేతగాండ్రును పెక్కుమంది గలరు. అక్కడి పేస్లీ పట్టణము శాలువల నేతకు పేరుపడినది. కాశ్మీరు శాలువలను చూచి వారు నేసిన శాలువల వలన మన మామిడిపిందె అంచునకు లోకమంతటను పేస్లీ యను పేరే నిలిచిపోయినది. ఆవిరియంత్రపు మగ్గములు వచ్చిన పిమ్మట చేమగ్గపు కూలి పడిపోయెను. గ్లాస్గో, లానార్క్ ప్రాంతముల నేతగాండ్రు సంఘములుగా కూడి 1820, 1821 సంవత్సరములలో ఓడలెక్కి కెనడా చేరి, అడవులు నరికి, తమ క్రొత్త ఊరికి పాత ఊరి పేరే లానార్క్ అని పెట్టుకొనిరి. ఈ కథ వినుచుండగా మన భివండీ, షోలాపురము, సూరతు మీకు జ్ఞప్తికి రాకపోదు.

ఆ వలస పోయిన నేతగాని మునిమనుమడు నేడు తన పూర్వుల పేర్లు వెదకికొనగలుగుచున్నాడు. ఏలయనగా అచ్చట 1841వ సంవత్సరము మొదలుకొని పది సంవత్సరములకొకసారి జరిగిన జనాభా లెక్కలలో ఇంటింటివారి పేర్లు వ్రాసిన పుస్తకములను పారవేయక భద్రపరచిరి. 1841 నాటి లెక్కలో పేరు, వయస్సు, వృత్తి గలవు. పదునైదేండ్లు దాటినవారి వయస్సును అయిదులకు తగ్గించి వ్రాయుట నాటి పద్ధతి. ముప్పదినాలుగేండ్లవాడు ముప్పదిగా కానవచ్చును. చేమగ్గపు నేతగాడు అనుటకు మూడక్షరముల సంక్షేపమును వాడిరి. అంతమంది నేతగాండ్రుండిరి కాబోలు. 1851 మొదలు ఇంటి యజమానునితో గల సంబంధము, పుట్టిన ఊరు గూడ చేరినవి. 1855 జనవరి 1 నుండి జనన మరణ వివాహములను నమోదు చేయించుట శాసనముచే తప్పనిసరియైనది. ఆ పత్రములయందు తల్లి పుట్టినింటి పేరు గూడ నుండుట గమనింపదగిన విశేషము.

ఈ కాగితములన్నియు ఎడింబరో నగరమునందలి జాతీయ పత్రభాండారమున గలవు. అంతర్జాలము ద్వారా ఇంట కూర్చుండియు చూడవచ్చును. అయితే ప్రతి లెక్కను నూరేండ్లు మూసియుంచి, పిమ్మటనే తెరతురు. 1921 నాటి లెక్క 2022లో తెరవబడెను. బ్రతికియున్నవారి మరుగును కాపాడుటకే ఈ నియమము. కాగితము భద్రమని నమ్మి నిద్రపోరాదనుటకు గూడ అక్కడనే ఒక నిదర్శనము గలదు. 1931 నాటి ఇంగ్లండు దేశపు లెక్క పుస్తకములు 1942లో అగ్నికి ఆహుతియైనవి. వేరొకచోట నుంచిన స్కాట్లండు పుస్తకములు దక్కినవి.

వారి ఆచారములలో ఒకటి మనకు మిక్కిలి దగ్గరిది. పెద్దకుమారునకు తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు పెట్టుట అచ్చట పూర్వపు వాడుక. మనమును తాత పేరు మనుమనికి పెట్టుదుము గదా! కావున ఒక తరము విడిచి ఒక తరమున అదే పేరు మరల కనబడుచుండును. పూర్వుల జాడ తీయువానికి ఇది చేతిదీపము వంటిది. కాని ఆ దీపమే కన్ను చెదరగొట్టుటయు గలదు. ఒకే ఊరిలో ఒకే పేరుగలవారు పదిమంది యుందురు. ఈ సంగతి ముందు మరల చెప్పెదను.

ఇక మన దేశపు లెక్కల మాట. బ్రిటిషిండియాలో మొదటి జనాభా లెక్కలు 1872 ప్రాంతమున జరిగినవి. దేశమంతటను ఒకే రాత్రి జరిగిన మొదటి లెక్క 1881 ఫిబ్రవరి 17 నాటిది. మన హైదరాబాదు సంస్థానమున మొదటి లెక్కయు అదియే. దానిని ఉరుదూలో మర్దుంషుమారీ యనెడివారు. సంస్థానపు జనసంఖ్య 1881లో 98,45,594, 1891లో 1,15,37,040. 1901 నాటికి అది 1,11,41,142కు తగ్గినది. ఆ నడుమ 1899, 1900 సంవత్సరముల కరవు గలదు. 1911లో 1,33,74,676 మంది యుండగా 1921లో 1,24,71,770 మందియే మిగిలిరి. పెరుగవలసిన జనము తొమ్మిది లక్షలకు పైగా తగ్గెను. మన ముసలివారు "గత్తర వచ్చిన ఏడు", "ఇంటింట పీనుగు లేచిన ఏడు" అని చెప్పుకొను దినములు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దినములు, ఆ అంకెల వెనుక దాగియున్నవి. ముసలమ్మ నోటిమాటయు సర్కారు అంకెయు ఇచ్చట ఒకదానికొకటి సాక్ష్యము.

అయితే, సోదరులారా! ఆ తొంబదియెనిమిది లక్షల మందిలో మీ ముత్తాత ఒకడు. అతని పేరు ఒక లెక్కగాడు దీపము వెలుగున వ్రాసికొనియుండెను. ఆ కాగితమేమైనది? మన దేశమున లెక్కలు వేసిన పిమ్మట పేర్లుగల పత్రములను దాచు ఆచారము లేకపోయెను. 1901 నుండి ఒక్కొక్కనికి ఒక్కొక్క చీటీ వ్రాసి, ఆ చీటీలను కులముగా, వృత్తిగా, భాషగా వేరుచేసి, మొత్తములు కట్టి, అచ్చువేసిరి. మొత్తములు మిగిలినవి; మనుష్యులు మిగులలేదు. స్కాట్లండు నేతగాడు తన ముత్తాతను పేరుతో చూచును. మనము మన ముత్తాతను ఒక మొత్తమునందలి ఒకటిగా మాత్రమే చూడగలము. 1948 నాటి జనగణన శాసనము పదునైదవ విభాగము ప్రకారము నేటి లెక్కల పత్రములను చూచుటకు గాని, న్యాయస్థానమున సాక్ష్యముగా చూపుటకు గాని వీలులేదు. స్కాట్లండున వలె నూరేండ్ల పిమ్మట తెరతుమను మాటయు అందు లేదు.

మరి ఆ అచ్చు పుస్తకములు నిరుపయోగములా? కావు. మన కులమును వారు సాలె యను శీర్షిక క్రింద వ్రాసిరి. ఏ జిల్లాయందు ఎందరుండిరి, ఎందరు నేతపని విడిచి కూలిలో దిగిరి, ఎందరు సంస్థానము వెలుపల పుట్టిరి అను సంగతులు అందుండి గ్రహింపవచ్చును. 1931 నాటి లెక్క కులముల వారీగా దేశమంతటికి పూర్తిగా ప్రచురింపబడిన కడపటిది. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ గారు నిజాము రాష్ట్రపు కులములను గూర్చి ప్రకటించిన గ్రంథమునందును సాలెవారి ప్రకరణము గలదు. ఇవి కులచరిత్రకు ఆధారములు. వంశచరిత్రకు మాత్రము ఇవి త్రోవ చూపునే గాని ఇల్లు చూపవు.

ఇచ్చట ఒక వింత చెప్పవలెను. సముద్రము దాటిపోయిన మన తెలుగువారి పేర్లు భద్రముగానున్నవి. ఊరిలో నిలిచినవారి పేర్లు పోయినవి. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో యను ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు నేటాలు వెళ్లిన లక్షా యేబది వేలకు పైబడిన కూలివాండ్రకు వరుస సంఖ్య యిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చ గూడ వ్రాసియుంచిరి. ఫిజీ దీవులకు 1879 నుండి 1916 వరకు వెళ్లిన 60,965 మందికిని ఇట్లే పత్రములు గలవు. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వెళ్లిన వారి మనుమలు నేడు ఆ పత్రములు చేతబట్టి తమ గ్రామములు వెదకికొనుచు వచ్చుచున్నారు. కూలివానిని వ్రాసినది ప్రేమచేత గాదు, పారిపోయినచో పట్టుకొనుటకు. అయినను ఆ వ్రాత నేడు అతని సంతతికి వరమైనది. మన తెలంగాణపు నేతగాడు ఓడ యెక్కలేదు. కాలినడకను, 1874లో సికింద్రాబాదునుండి వాడికి పడిన రైలుదారిని, బొంబాయికి, షోలాపురమునకు పోయెను. అతనికి ఓడపత్రము లేదు.

అందుచేత మన పూర్వులను మనము వేరుచోట్ల వెదకవలెను. ఆ చోట్లు ఏవియో వరుసగా చెప్పెదను.

మొదటిది భూమి కాగితము. తొలి బందోబస్తు నాటి సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఏటేటి పహాణీ పత్రికలు తహసీలు కార్యాలయములయందు గలవు. వీటికంటె వంశమునకు పనికివచ్చునది విరాసతు కాగితము. పట్టాదారు చనిపోయినపుడు అతని వారసులెవ్వరని విచారించి వ్రాసిన దస్తు అది. అందు కొడుకుల పేర్లు, కొన్నిచోట్ల భార్య పేరు గూడ దొరకును. అయితే మనలో అనేకులకు భూమి లేదు. భూమి లేనివాడు భూమి కాగితములో లేడు. అతనిని వెదకవలసినది ఇంటి స్థలపు కాగితములో, అన్నదమ్ముల పారికత్తులో, షాహుకారు అప్పు పత్రములో, చేనేత సహకార సంఘపు సభ్యుల పట్టికలో, బడి దాఖలా పుస్తకములో, పరదేశమున మిల్లు నౌకరీ కాగితములో. అప్పు పత్రమని సిగ్గుపడి చింపివేయకుడు. ధనవంతుని పేరు పట్టాలో నిలుచును. పేదవాని పేరు అప్పు పత్రములో నిలుచును.

రెండవది నోటి మాట. మన కులమునాశ్రయించిన కూనపులివారు పటము విప్పి భావనాఋషి కథ చెప్పుచుందురు. ఆ పటములు వ్రాయు నకాషీ చిత్రకారుల చేర్యాల మన సిద్దిపేట జిల్లాయందే గలదు. కథ చెప్పువాడు ఏ ఊరిలో మన యిండ్లు ఎన్ని, ఎవరి గోత్రమేది, ఎవరు ఎక్కడనుండి వచ్చిరి అను సంగతులు తరతరములుగా నోట నిలుపుకొనియుండును. తన త్యాగము ఏ యింట వచ్చునో మరచువాడు ఎవ్వడు? నేడు వారిని పిలుచు ఊళ్లు తగ్గినవి. వారితోపాటు మన లెక్కపుస్తకమును మూతపడుచున్నది.

మూడవది తీర్థక్షేత్రములలోని పండాల వహీలు. హరిద్వారము మొదలగు క్షేత్రములయందు యాత్రికుల ఊరు, తండ్రి తాతల పేర్లు వ్రాసికొను పుస్తకములు తరతరములనుండి సాగుచున్నవి. మీ పెద్దలు కాశీ గయలు సేవించియున్నచో ఏ పండాయింట దిగిరో యడిగి తెలిసికొనుడు.

ఈ కాగితములు చదువుటలో మూడు చిక్కులు గలవు. మొదటిది సంవత్సరము. నిజాము కాలపు పత్రములలో ఫసలీ సంవత్సరము వ్రాయుదురు. దానికి 590 కూడినచో, ఆ ఫసలీ యారంభమైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. ఆ ఫసలీ అక్టోబరున మొదలగును గావున తరువాతి ఇంగ్లీషు సంవత్సరపు తొమ్మిది నెలలును అందే చేరును. రెండవది జిల్లా పేరు. కోహెడ 2016 అక్టోబరు 11 నుండి సిద్దిపేట జిల్లాలోనిది; అంతకుముందు కరీంనగరు జిల్లాలోనిది; 1905కు పూర్వము ఆ జిల్లాకు ఎలగందుల యని పేరు. కరీంనగరమని వెదకువానికి ఎలగందుల కాగితము దొరకదు. మూడవది లిపి. ఉరుదూ శికస్తా వ్రాతలో హ్రస్వాచ్చులు వ్రాయరు, చుక్కలు విడుతురు. క, గ లకు భేదము ఒక గీత మాత్రమే. గాజులవారు కాజులవారగుట కలదు. స్కాట్లండువారికిని ఈ తిప్పలు తప్పలేదు. ఒకే వంశపు పేరును లెక్కగాండ్రు పలువిధముల వ్రాసిరి. పేరు అక్షరముతో గాక, పలుకుతో వెదకవలెనని వారు నేర్చిరి, మనమును నేర్వవలెను.

ఇంతవరకు చెప్పినది శాస్త్రము. ఇక మా యింట జరిగినదొకటి చెప్పుటకు అనుమతింప వేడుచున్నాను. గొప్పకు గాదు, ఈ పని వలన ఏమగునో తెలియుటకు.

కొన్ని యేండ్ల క్రిందట మా తమ్ముని కుమారునకు షోలాపురమునుండి ఒక సంబంధము వచ్చెను. పిల్ల చదువుకొన్నది, వారు మనవారే, ఇంటిపేరు వేరు. గోత్రమడుగగా వారికి తెలియదు. నాలుగు తరములనుండి మరాఠీ దేశముననున్నవారు, తాతగారితో గోత్రము పోయినదనిరి. ఉభయులకును ఇష్టమై, తాంబూలములు పుచ్చుకొను దినము గూడ అనుకొంటిమి. అప్పుడు మా మేనత్త, తొంబదియేండ్ల ముసలిది, మంచముమీదనే యుండి, "షోలాపూర్‌కు వోయిన పెద్దయ్య ఇంటోళ్లు మనోళ్లే గద బిడ్డా, జర చూసుకోండ్రి" అనెను. అందరును నవ్విరి. ఇంటిపేరు వేరైనప్పుడు మనవారెట్లగుదురని వాదించిరి. నాకు మాత్రము మనసున ముల్లు నాటినట్లయ్యెను.

మొదట నేను జనాభా లెక్కలలో దొరకునేమోయని తిరిగితిని. ఇంతకుముందు మీకు చెప్పినదంతయు అప్పుడు నేను తిరిగి తిరిగి నేర్చినదే. అంకెలు దొరకినవి, పేరు దొరకలేదు. భూమి లేనివారము గనుక సేత్వారులోను లేము. కడపట మా యింటి అటకమీద, నూలు చిక్కుల క్రింద, ఒక రేకుపెట్టెలో 1318 ఫసలీ నాటి పారికత్తు కాగితము దొరకెను. అనగా 1908-09. అన్న తన పాలు ఇల్లును, గుంతమగ్గమును తమ్మునికి విడిచి, దారిఖర్చు పుచ్చుకొని దేశము పోవుచున్నట్లు అందు వ్రాసియున్నది. అన్న పేరు, తమ్ముని పేరు, వారి తండ్రి పేరు, నలుగురు సాక్షుల పేర్లు గలవు. ఆ తమ్ముడు మా తాత తండ్రి.

పెండ్లివారిని మీ యింట పాత కాగితమేదైన నున్నదా యని వేడుకొంటిని. వారు వెదకి వెదకి, ఆ పిల్ల తాత తండ్రిది 1915 నాటి మిల్లు నౌకరీ కాగితమును పంపిరి. పేరు కలిసెను, తండ్రి పేరు కలిసెను, ఊరు కోహెడ యని యుండెను. జిల్లా ఎలగందుల యని యుండెను. 1915 నాటికి ఆ జిల్లా పేరు కరీంనగరమై పదేండ్లయినది. కాని ఊరు విడిచినవాడు తన చిన్ననాటి పేరే చెప్పుకొనెను. ఇంటిపేరు మాత్రము మిల్లు గుమాస్తా చేతిలో మారిపోయినది. వయస్సు ముప్పదియైదని వ్రాయుటచే 1880 ప్రాంతమున పుట్టినవాడని తేలెను. అదియు మా లెక్కకు సరిపోయెను. ఆ యింట ఆ పేరే ఒక తరము విడిచి ఒక తరమున మనుమనికి పెట్టుచు వచ్చుటయు కనబడెను.

పెండ్లి నిలిచిపోయెను. ఒకే గోత్రము, ఒకే యిల్లు. ఆ దినమున మా యింట ఎవ్వరును అన్నము సరిగా తినలేదు. పిల్ల తండ్రి టెలిఫోనులో చాలసేపు మాటలాడక యుండి, "అయితే అన్నా, మేము మీ వాళ్లమే గదా" అనెను. మరుసటి దసరాకు ఆ కుటుంబమువారు కోహెడకు వచ్చిరి. కోడలుగా రావలసిన పిల్ల ఆడబిడ్డగా వచ్చి, మా తమ్ముని కొడుకునకే రాఖీ కట్టెను. ఆ పాత మగ్గపు గుంత నేడు పూడిపోయి వాకిలియైనది. వారి ముసలాయన అచ్చట చెప్పులు విడిచి కొంతసేపు నిలుచుండెను. మా మేనత్త ఆయన చేయిపట్టుకొని, "ఇన్నొద్దులు ఏడవోయిన్రు బిడ్డా" అనెను. నూరేండ్లకు పైగా తెగిన పోగును ఒక చిరుగుకాగితము అతికినది. పోగు తెగినచో ముడి వేయుట మన వృత్తియే గదా!

ఈ కథనుండి ఒక నియమమును చెప్పెదను. పేరొక్కటి కలిసినంతమాత్రమున పూర్వుడని నిశ్చయింపరాదు. పేరు, తండ్రి పేరు, గ్రామము, వయస్సు ఈ నాలుగింటిలో మూడైనను వేరువేరు కాగితములలో కలియవలెను. కలియనిచో "తెలియదు" అని వ్రాసికొనుట మంచిది. తప్పు పూర్వుని తలకెత్తుకొనుటకంటె ఖాళీ గడి మేలు.

ఇది పెండ్లిండ్లకు మాత్రము సంబంధించిన మాట గాదు. 1951 జనాభా లెక్కల వేళ దేశమంతట పేర్లతో పౌరుల పట్టిక యొకటి తయారయ్యెను. అస్సామునందు 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌరుల పట్టికకు ఆ పాత పుస్తకమును ఆధారములలో ఒకటిగా గైకొనిరి. పూర్వుల కాగితములు చూపజాలక మొదలగు కారణములచే పందొమ్మిది లక్షలకు పైబడిన జనము ఆ పట్టిక వెలుపల నిలిచిరి. మహారాష్ట్రమున ఇతర వెనుకబడిన తరగతులవారు కులపత్రము ధ్రువపరచుకొనుటకు 1967 అక్టోబరు 13కు పూర్వపు ఆధారము చూపవలసియుండును. అక్కడనున్న మనవారి పిల్లలు కళాశాలలో చేరవలసివచ్చినపుడు తాతగారి బడి దాఖలాకై పరుగులిడుట మీలో అనేకులెరుగుదురు. మరాఠ్వాడా కుణబీల నమోదులకై 2023లో నియమింపబడిన న్యాయమూర్తి సందీప్ షిండే గారి సంఘము నిజాము నాటి కాగితములు వెదకుచు హైదరాబాదు వరకు వచ్చెను. 2025 సెప్టెంబరు 2న హైదరాబాదు గెజెటియరును ఆధారముగా గైకొనుచు అక్కడి ప్రభుత్వము ఉత్తర్వు చేసెను. గెజెటియరులో అంకెలుండును గాని మనుష్యుల పేర్లుండవు గనుక, ఒక్కొక్క కుటుంబమువారు తమ యింటి కాగితమును వేరుగా చూపుకొనక తప్పదు. పాత కాగితము చెత్త గాదని ఇంతకంటె చెప్పవలసినదేమి?

స్త్రీల సంగతి ఒకటి గలదు. మన వంశవృక్షములలో తండ్రి, తాత, ముత్తాత అని మగవారి పేర్లే యుండును. రాట్నము వడికినది, కండెలు చుట్టినది, అచ్చు అతికినది, మగ్గము సగము నడిపినది స్త్రీ. ఆమె పేరు "భార్య" అను మాట క్రింద అణగిపోయినది. స్కాట్లండు మరణపత్రమున తల్లి పుట్టినింటి పేరు గూడ వ్రాయగలిగినపుడు మన యింటి పుస్తకమున వ్రాయుటకు మనకేమి యడ్డు? మీ నాయనమ్మ ఏ ఊరి యాడపడుచో నేడే యడుగుడు. సగము చుట్టరికములు ఆ ఒక్క ప్రశ్నతో బయటపడును.

ఇక నా విన్నపములు. 2025 జూన్ 16న ప్రకటింపబడిన జనాభా లెక్కకు 2027 మార్చి 1 సూచనాదినము. అందు కులమును గూడ గణింతురు. లెక్కగాడు వచ్చినపుడు కులము పేరు స్పష్టముగా ఒకే విధముగా చెప్పవలెను. కాని ఆ లెక్క ప్రభుత్వమునకై జరుగునది; అందలి పేర్లు మన మనుమలకు దొరకవు. కావున మన లెక్క మనము వ్రాసికొనవలెను. ప్రతి యింటను ఒక పుస్తకము పెట్టి, తెలిసిన తరములు, పుట్టిన ఊళ్లు, వలస పోయిన సంవత్సరములు, తల్లుల పుట్టినిండ్లు వ్రాయుడు. పాత కాగితములను జిగురుపెట్టి అంటింపక, ప్లాస్టికులో కరగించి బిగింపక, పొడిచోట విప్పియుంచి ఛాయాచిత్రములు తీయుడు. ఉరుదూ శికస్తా చదువగల వృద్ధులు ఇంకను కొందరు గలరు. వారుండగానే చదివించి తెలుగున వ్రాయించుడు. కూనపులివారిని పిలిపించి, తగిన త్యాగమిచ్చి, వారు చెప్పునది యంత్రమున పట్టియుంచుడు. ఇందులకు కావలసినది ఒక ఛాయాచిత్ర యంత్రము, ఒక ఉరుదూ పాఠకుడు, ఒక సంవత్సరపు కాలము. కల్యాణమంటపములకు వేల రూపాయలు సంతోషముగా నిచ్చు మన దాతలు ఈ చిన్న వ్యయమునకు వెనుదీయరని నమ్ముచున్నాను.

తుదకు ఒక హెచ్చరిక. వంశావళి వ్రాయువానికి రెండు దోషములు తగులును. ఒకటి గొప్పకై కల్పించుట. రెండవది సిగ్గుచే దాచుట. రాజులకు పీతాంబరములు నేసితిమని వ్రాయువాడు గంజి లేక ఊరు విడిచితిమనియు వ్రాయవలెను. దత్తత వచ్చినవానిని దత్తతయనియే, రెండవ యిల్లాలిని ఇల్లాలనియే, కులము వెలుపల పెండ్లాడినవానిని మనవాడనియే వ్రాయుడు. ఒకరిని తక్కువ చేయుటకు ఈ పుస్తకమును విప్పరాదు. బ్రతికియున్నవారి వివరములను అచ్చువేయరాదు. స్కాట్లండువారు నూరేండ్లు ఆగుదురని మరువకుడు.

ఆ దేశమునందలి లూయిస్ ద్వీపమున పుట్టిన కాలిన్ మెకంజీ యను దొర మన దేశము వచ్చి, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు పండితుల సాయమున ఊరూర కైఫీయతులు వ్రాయించెను. 1821లో అతడు పోయినను ఆ వ్రాతలు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకశాలయందు నేటికిని గలవు. పరదేశి యొకడు మన గ్రామముల కథ వ్రాయించినపుడు మన యింటి కథ మనము వ్రాసికొనలేమా? నేడు ఇంటికి పోయినవెంటనే అటకమీది రేకుపెట్టె క్రిందికి దించుడు. మంచముమీది ముసలమ్మ ప్రక్కన కూర్చుండి, "నీ పుట్టిల్లేది, నీ తాత పేరేమి?" అని యడుగుడు. పెట్టె రేపటివరకు ఆగవచ్చును, ముసలమ్మ ఆగకపోవచ్చును.